మళ్లీ సైకిల్ ఎక్కేవాళ్లకు తలకిందుల సలహాలు

హైబ్రిడ్ సైకిల్ కొందామని బయల్దేరారా? ఇప్పుడే కొనకండి. ముందు మీ అపార్టుమెంటు సెల్లార్లోకి దిగి చూడండి. 2020 లాక్‌డౌన్‌లో మోజుపడి కొని, ఏడాది తిరక్కుండానే స్తంభానికి గొలుసేసి వదిలేసిన గేరు సైకిళ్లు హైదరాబాదు సెల్లార్లలో ఇంకా ఉన్నాయి. గాలి దిగిపోయి, చైను తుప్పుపట్టి, సీటు మీద వేలితో పేరు రాయగలిగినంత దుమ్ము పేరుకుని ఉంటాయి. వాటిలో ఎక్కువ భాగం 26 అంగుళాల చక్రాల మౌంటెన్ బైకులు. ఏది ఏ ఫ్లాటువాళ్లదో వాచ్‌మన్‌కి తెలుసు. వెళ్లి అడగండి. మొహమాటపడకండి, అడ్డం తొలగిందని సంతోషించేవాళ్లే ఎక్కువ.

ఆ సైకిల్‌కి గుబ్బల టైర్లు పీకేసి, 26 × 1.5 కొలతలో నున్నటి టైర్లు వేయించండి. చైను, బ్రేకు రబ్బర్లు, కేబుళ్లు కొత్తవి పెట్టించండి. పెద్ద చక్రాలు, మరీ లావు కాని టైర్లు, నడుము వంచకుండా కూర్చోనిచ్చే తిన్నని హ్యాండిల్: హైబ్రిడ్ అంటే ఇంతే. ఇందులో చక్రం సైజు ఒక్కటే తప్ప మిగతావన్నీ మీకు వచ్చేశాయి. దీని మీద నాలుగు నెలలు తొక్కాక కూడా కొత్తది కావాలనిపిస్తే అప్పుడు షాపుకి వెళ్లండి. ఏం కావాలో అప్పటికి మీ మోకాళ్లే చెబుతాయి.

సెల్లార్లో ఏమీ దొరకలేదనుకుందాం. అప్పుడు కూడా షోరూముకి వెళ్లొద్దు, వీధి చివర పంక్చరు షాపుకి వెళ్లండి. ఇరవై ఏళ్ల తర్వాత సైకిలెక్కినవాళ్లు ఎలా మానేస్తారో చాలామందిని చూశాను. ఓ రోజు పంక్చరవుతుంది. దగ్గర్లో బాగుచేసేవాళ్లు ఉండరు. కారులో పెట్టుకుని షోరూముకి తీసుకెళ్లాలి, దానికి ఆదివారం రావాలి. ఆ ఆదివారం ఎవరిదో పెళ్లి. సైకిల్ అలా గోడకి ఆనుకునే ఉండిపోతుంది. అందుకే సైకిల్‌ని బాగుచేసేవాడి వైపు నుంచి ఎంచుకోవాలంటాను. ఈ మాటకి షోరూములో ఎవరూ ఒప్పుకోరు. నేను మాత్రం వెనక్కి తీసుకోను.

"బాబాయ్, ఎలాంటి సైకిలైతే నువ్వు చేయగలవు? దేనికి సామాను దొరకదు?" అని అడగండి. ఆయన చెప్పే జవాబు ఏ కంపెనీ కరపత్రంలోనూ ఉండదు. చక్రం బెండు తీయడం ఆయనకి వచ్చు, పుల్లలు మామూలు కొలతవైతే. రబ్బరు ముక్కలతో రిమ్మును పట్టుకునే వీ బ్రేకు ఆయన చేతికి అలవాటే. డిస్కు బ్రేకు పేరు చెప్పగానే మొహం చిట్లిస్తే, చవక సైకిళ్లలో డిస్కు కోసం పట్టుబట్టకండి. మంచి డిస్కు వానలో చక్కగా ఆగుతుంది, నిజమే. చవక డిస్కు సరిగా కుదరకపోతే గీసుకుంటూ తిరుగుతుంది, అరుగుతుంది, దాని ప్యాడ్లు ఊళ్లో దొరకవు.

ట్యూబు మూతి కూడా చూపించండి. మోటారు సైకిల్ ట్యూబుకి ఉండే లావు మూతి అయితే పెట్రోలు బంకులో అయినా గాలి పడుతుంది. సన్నగా పొడుగ్గా ఉండి కొనను తిప్పి వదులు చేయాల్సిన మూతి అయితే ఆయన పంపు పట్టదు. దానికి వేలి గోరంత ఇత్తడి అడాప్టరు ఒకటి దొరుకుతుంది. అది కొని తాళంచెవుల గుత్తికి తగిలించుకోవాలి.

ఇంకో చిక్కు ఇక్కడే ఉంది, దీని గురించి కాస్త ఎక్కువసేపు మాట్లాడాలి. హైబ్రిడ్ చక్రాన్ని కొందరు 700సీ అంటారు, కొందరు 28 అంగుళాలంటారు. మన పాత నల్ల సైకిల్ చక్రం కూడా 28 అంగుళాలదే. మీరు షాపులో "28 టైరు ఇవ్వు" అంటే పాత సైకిల్ టైరే ఇస్తారు. అది మీ రిమ్ముకి కూర్చోదు. టైరు పక్కగోడ మీద చిన్న అక్షరాలతో 37-622 లాంటి అంకెలు అచ్చు వేసి ఉంటాయి. మొదటిది టైరు వెడల్పు, రెండోది టైరు రిమ్ము మీద కూర్చునే చోట వ్యాసం, రెండూ మిల్లీమీటర్లలో. హైబ్రిడ్‌కి 622, పాత నల్ల సైకిల్‌కి 635, 26 అంగుళాల మౌంటెన్ బైకుకి 559. 622కీ 635కీ మధ్య ఉన్న పదమూడు మిల్లీమీటర్ల తేడా తెలియక తప్పు టైరు చేతపట్టుకుని రెండుసార్లు తిరిగేవాళ్లున్నారు. ఆ అంకెలు ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి. కంపెనీ పేరు మరిచిపోయినా ఫరవాలేదు.

ఇప్పుడు షోరూము. లోపలికి వెళ్లగానే "ఎన్ని గేర్లు?" అని అడగొద్దు. పళ్లెన్ని అని అడగండి. 21 గేర్లంటే ముందు మూడు, వెనక ఏడు పళ్ల చక్రాలు. వాటిలో చాలా జతలు దాదాపు ఒకే బరువు ఇస్తాయి, కొన్ని జతల్లో చైను అడ్డంగా లాగి అరుగుతుంది కాబట్టి వాడనే కూడదు. మీకు కావలసింది ఒక్కటే సంగతి: అన్నిటికన్నా తేలిక గేరు ఎంత తేలిక? ముందు అతి చిన్న చక్రానికి 28 పళ్లు, వెనక అతి పెద్దదానికి 28 పళ్లు ఉంటే, పెడలు ఒక చుట్టు తిప్పితే బండి సుమారు 2 మీటర్ల 20 సెంటీమీటర్లు పోతుంది. వెనక 34 పళ్లుంటే 1 మీటరు 80. బంజారా హిల్స్ ఎత్తు మీద, విశాఖలో కైలాసగిరి దారిలో, ఆ 40 సెంటీమీటర్ల తేడా మోకాలికి తెలుస్తుంది. అన్నిటికన్నా వేగం గేరు గురించి అడగాల్సిన పనే లేదు. నలభై ఏళ్లు దాటాక వేగం వాలు దారే ఇస్తుంది. విజయవాడ కాలవగట్ల మీద మాత్రమే తొక్కుతానంటారా, అసలు గేర్లే లేని సైకిల్ కొనండి. మిగిలిన డబ్బుకి మంచి టైర్లు వస్తాయి.

ముందు ఫోర్కులో షాక్ అబ్జార్బర్ ఉందని అమ్మే కుర్రాడు నొక్కి చూపిస్తాడు. కిందికి పోయి పైకి వస్తుంది, ముచ్చటగా ఉంటుంది. వద్దనండి. పాతిక వేలలోపు సైకిళ్లలో వచ్చే షాక్ లోపల ఉండేది చాలావరకు ఉత్త స్ప్రింగే. గుంతలో కుంగుతుంది, ఎత్తెక్కేటప్పుడు కూడా కుంగుతుంది, మీరు పెడలు మీద పెట్టిన బలం కొంత దానికే పోతుంది. పైగా మామూలు ఫోర్కుకన్నా కిలోకి పైగా బరువు. కొన్నాళ్లకి బిగుసుకుపోతుంది, బాగుచేసేవాడు దొరకడు. గుంతలకి మందు టైరులో ఉంది. 38, 40 మిల్లీమీటర్ల టైరు పట్టే ఫ్రేము చూసుకుని, గాలి తక్కువ పెట్టండి. టైరు మీద రాసిన గరిష్ఠం వరకు కొట్టించడం మనవాళ్ల అలవాటు. డెబ్బై కిలోల మనిషికి 35 టైరులో ముందు 45, వెనక 50 పీఎస్‌ఐ దగ్గర మొదలుపెట్టి చూడండి, టైరు మీద రాసిన కనిష్ఠం కన్నా మాత్రం తగ్గించొద్దు. ఇందుకు మీటరున్న పంపు ఇంట్లో ఉండాలి.

మగవాళ్లకి ఒక మాట: లేడీస్ సైకిల్ కొనండి. నవ్వేవాళ్లు నవ్వుతారు. మధ్య కడ్డీ కిందికి వంగి ఉండే ఫ్రేముని షోరూములో ఒక మూల నిలబెడతారు, మిమ్మల్ని అటు చూడనివ్వరు. వెనక క్యారేజీ మీద కూరగాయల సంచి కట్టి ఉన్నప్పుడు కాలు వెనక నుంచి తిప్పి ఎక్కడం యాభై దాటిన నడుముకి మంచిది కాదు. సిగ్నల్ దగ్గర ఠక్కున దిగాల్సి వస్తుంది, బస్సు పక్కన తడబడకూడదు. ఆ ఫ్రేము కాస్త బరువు, కాస్త ఊగినట్టు ఉంటుంది. ఆఫీసుకీ మార్కెట్‌కీ వెళ్లే మనిషికి దాంతో వచ్చిన నష్టమేమీ లేదు. పంచె కట్టుకుని తొక్కొచ్చు, చీరలో తొక్కొచ్చు, ఇంట్లో నలుగురూ ఒకే సైకిల్ వాడుకోవచ్చు. దీని మీద నాకు రెండో అభిప్రాయం లేదు.

సీటు దిండులా మెత్తగా ఉంటే మెచ్చుకోకండి. పది నిమిషాలు హాయి, అరగంటకి తిమ్మిరి. కూర్చున్నప్పుడు బరువు మోయాల్సింది పిర్రల్లోని రెండు ఎముకలు. మరీ మెత్తటి సీటులో అవి దిగబడిపోతాయి, బరువు మధ్య మెత్తని కండ మీద పడుతుంది. గట్టి సీటు మొదటి రెండు వారాలు నొప్పి పెడుతుంది, తర్వాత అలవాటవుతుంది.

సైకిల్‌కి చిల్లులు లెక్కపెట్టండి. వెనక ఇరుసు దగ్గర, సీటు కింద, ముందు ఫోర్కు చివర మర ఉన్న చిన్న చిల్లులుంటాయి. మడ్‌గార్డు, క్యారేజీ బిగించేది వాటికే. రంగు ఎంత బాగున్నా, చిల్లులు లేని సైకిల్ మన జూన్, జులైలలో ఇంటికే పరిమితం.

మీ బడ్జెట్ ఇరవై వేలా? పద్నాలుగు వేలది చూడండి. పోయినేడు మోడలైతే ఇంకా మంచిది. 2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది, బిల్లులో చూసుకోండి. మిగిలిన ఆరు వేలూ తాళం, హెల్మెట్, లైట్లు, పంపు, మడ్‌గార్డులకి సరిగ్గా సరిపోతాయి. ఇవన్నీ "తర్వాత కొందాం" అనుకున్నవాళ్లు చీకటి పడ్డాక బండి తీయరు, వాన పడితే తీయరు.

హైదరాబాదులో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో 23 కిలోమీటర్ల సోలార్ కప్పు ట్రాకు తెరిచారు. దాన్ని మనసులో పెట్టుకుని సన్న టైర్ల సైకిల్ కొనేవాళ్లున్నారు. ట్రాకు బాగుంది, నీడ ఉంది, నేల నున్నగా ఉంది. కానీ వాళ్లలో చాలామంది అక్కడికి సైకిల్‌ని కారు వెనక కట్టుకుని వస్తారు. మీరు కొనేది ఆ ట్రాకు కోసం కాకూడదు. మంగళవారం పొద్దున పాల ప్యాకెట్‌కి వెళ్లే దారి ఉంటుంది చూడండి, డ్రైనేజీ మూతలు, స్పీడు బ్రేకర్లు, ఎదురొచ్చే ఆటోలు ఉన్నది, దానికోసం కొనండి.

కొన్న నెలలోపే షాపుకి మళ్లీ తీసుకెళ్లండి, ఏ ఇబ్బందీ లేకపోయినా సరే. కొత్త కేబుళ్లు సాగుతాయి, పుల్లలు సర్దుకుంటాయి, పెడలు తగిలించే కడ్డీ (క్రాంకు) బోల్టు వదులవుతుంది. పెడళ్లు మాత్రం ఇంట్లోనే రోజూ ఓసారి చేత్తో ఊపి చూడండి. ఎడమ పెడలుకి మర ఎదురు తిరుగుతుంది, అంటే బిగించాలంటే గడియారం ముల్లుకి వ్యతిరేకంగా తిప్పాలి. అది తెలియనివాళ్లు బిగిస్తున్నామనుకుంటూ వదులు చేస్తారు, వదులు పెడలు మీద తొక్కితే క్రాంకులోని మర చెడి క్రాంకే మార్చాల్సి వస్తుంది. మరకి కాస్త గ్రీజు రాసి, పదిహేను నంబరు స్పానరుతో గట్టిగా బిగించండి.