లిఫ్ట్ వద్దనే సారు

42.195 కిలోమీటర్ల మారథాన్‌ను ఇప్పుడు ప్రతివాడూ పరుగెత్తేస్తున్నాడని దాని మీద చిన్నచూపు పుట్టి, అంతకు మించిన దూరాల అల్ట్రా పరుగులు పట్టుకున్నవాడే అల్ట్రా సారు. 51 ఏళ్లు, బార్డర్‌లో షుగరు, బ్యాంకు కొలువు. బదిలీల మీద జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడూ చూశాడు. ఇలాంటివాళ్లు ఊరికొకరే ఉంటారు. ఇద్దరుంటే మాట్లాడుకోరు.

ఇంట్లో దేవుళ్ల పటాల పక్కనే గ్రీసు దేశపు యానిస్ కూరోస్ ఫొటో. ఏథెన్స్ నుంచి స్పార్టాకు 246 కిలోమీటర్ల స్పార్టథ్లాన్‌ను 1983లో మొట్టమొదట గెలిచినవాడు. గడ్డం చూసి ఏ స్వామీజీయో అనుకుని పనామె రోజూ ఓ మందారం పెట్టిపోతుంది.

"ఫౌజా సింగ్ 2000లో లండన్ మారథాన్ పరుగెత్తేనాటికి 89 ఏళ్లు, తెలుసా?" అని ఓ తెల్లవారుజామున భార్యను లేపి చెప్పాడు. "అయితే మీకింకా 38 ఏళ్ల టైముంది, పండుకోండి" అని ఆమె అటు తిరిగింది.

ఆయన కల దక్షిణాఫ్రికాలో 1921 నుంచి జరుగుతున్న కామ్రేడ్స్ మారథాన్. దాదాపు 90 కిలోమీటర్లు. "కామ్రేడ్స్‌కు పోవాలనుంది" అని జనగామ హోటల్లో అంటే, పక్క బల్ల పెద్దాయన గొంతు తగ్గించి "ఏ పార్టీ?" అన్నాడట. కమ్యూనిస్టుల రైతాంగ పోరాటంలో 1946లో దొడ్డి కొమరయ్య నేలకొరిగిన కడవెండి ఈ జిల్లాదే మరి.

2016లో వరంగల్ జిల్లాను ముక్కలు చేయడం వల్ల నిజంగా లాభపడింది ఈయనే. పొద్దుగాల బయల్దేరితే టిఫిన్ వేళకు జిల్లా దాటొచ్చు.

కాళ్ల నొప్పులు ఆయనకో లెక్క కాదు. చిక్కంతా మన జనం మంచితనంతోనే. మన దగ్గర ఉత్తపుణ్యానికి ఎవడూ ఉరకడు. బస్సన్నా పోయుండాలి, బర్రన్నా తప్పిపోయుండాలి. పెంబర్తి దారిలో పాలక్యాన్ల బండి ఆగుతుంది.

"ఏం సారూ, బండి ఖరాబైందా? ఎక్కు, దింపుత."

"లేదు తమ్మీ, ఉరుకుతున్న."

"కనబడుతనే ఉంది. ఎందుకు?"

దీనికి జవాబు వెతికేలోపు చేతి గడియారంలో స్పీడు పడిపోతుంది.

మహబూబాబాద్‌లో ఓ ఉపాయం దొరికింది. వీరభద్రస్వామి గుడి ఉన్న కురవి రోడ్డులో, ఎండబోసిన మిర్చి ఘాటుకు దగ్గుకుంటూ పోతుంటే, "వీరన్న మొక్కా సారూ?" అని ఎవరో అడిగారు. ఔనన్నాడు. మొక్కంటే ఎవరూ లిఫ్ట్ ఇవ్వరు, పైగా దండం పెడతారు. తిరుగు ప్రయాణంలోనే ఇబ్బంది. మొక్కు తీరినాక కూడా ఉరుకుడేంది?

భూపాలపల్లిలో "ఫస్ట్ షిఫ్ట్ తప్పిందా అన్నా?" అని బొగ్గు గని కార్మికులు బండ్లు ఆపేవాళ్లు. అదీ తప్పించుకుని పరకాల రోడ్డు పట్టి రేగొండ దాకా వచ్చాడు. వాకిలి ఊడుస్తున్న అవ్వ చీపురు ఆపింది.

"ఎవలు పోయిండ్రు బిడ్డా?"

"ఎవలూ... లేరవ్వా" అన్నాడు రొప్పుతూ.

"అయ్యో! ఎవలూ లేరా?"

చీపురు పక్కన పడేసి, చెయ్యి పట్టి అరుగు మీద కూచోబెట్టింది. కొంగుతో ముఖం తుడిచింది. చెంబెడు నీళ్లు, చాయ్, రెండు సర్వపిండి ముక్కలు. అయినవాళ్లు లేనోణ్ని నడిపిస్తామా అని మనవణ్ని లేపి బండి తీయించింది. మూడు జిల్లాల్లో లిఫ్ట్ వద్దన్న మనిషి, మారు మాట్లాడకుండా ఎక్కి కూచున్నాడు.

గడియారం ఆపడం మరిచాడు. ఆ రోజు చివరి 9 కిలోమీటర్లు 13 నిమిషాల్లో పూర్తయినట్టు అందులో ఉంది. ఇప్పటికీ తుడిపెయ్యలేదు.