గిగాబిట్లు గేటు దాకా

విశ్వవిద్యాలయాలను కలిపే పరిశోధనా నెట్‌వర్క్‌ను ఇంకా వేగవంతం చేస్తారట. సంతోషం. ఢిల్లీలో ఆ వేగాన్ని గిగాబిట్లలో కొలుస్తారు. మన పుదుచ్చేరిలో టీలలో కొలుస్తాం: ఫైలు దిగేలోపు ఎన్ని తాగామన్నదే లెక్క.

చరిత్ర మాత్రం ఘనమైనదే. 1986లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం సాయంతో ఎర్నెట్ మొదలైంది. ఐ.ఐ.టి.లు, బెంగళూరు ఐ.ఐ.ఎస్‌సి. వంటి సంస్థలు కొన్ని దానిమీద ఈమెయిళ్ళు పంపుకున్నాయి. 2010 మార్చిలో కేంద్రం నేషనల్ నాలెడ్జ్ నెట్‌వర్క్‌కు పదేళ్ళకుగాను 5,990 కోట్లు రాసిచ్చింది. సుమారు 1,500 సంస్థలు, నడుమ 10 గిగాబిట్ల ఫైబరు దారులు. ఉత్త కోతలు కావు, నిజంగానే వేశారు. జెనీవాలో ప్రోటాన్లను ఢీకొట్టించే సెర్న్ సమాచారం మన శాస్త్రవేత్తలకు అందేది ఇలాంటి దారులమీదే.

చిక్కల్లా ఆ ఫైబరు క్యాంపస్ గేటు దగ్గర చెప్పులు విడిచి నిలబడిపోవడం. లోపల దానికి స్వాగతం పలికేది మెట్లకింద, తాళం వేసిన ఇనుప పెట్టెలో, దుమ్ము కొట్టుకుపోయిన 100 మెగాబిట్ల స్విచ్. పక్కనే చీపురు. తాళంచెవి ఉన్నాయన సెలవులో ఉంటాడు. ఏ విశ్వవిద్యాలయమని అడక్కండి, చదివినవాళ్ళందరూ తమదే అనుకుంటారు.

లెక్క వేద్దాం. ఇక్కడి సెయింట్ లూయిస్ వీధిలోని ఫ్రెంచ్ ఇన్‌స్టిట్యూట్‌లో శైవ గ్రంథాల తాటాకు ప్రతులున్నాయి. 2005లో యునెస్కో వాటిని ప్రపంచ స్మృతి జాబితాకెక్కించింది. అలాంటి తాళపత్రాల ఫొటోలు ఒక టెరాబైట్ యానాం కళాశాలకు పంపాలనుకోండి. (యానాం మన పుదుచ్చేరిలో భాగమే, ఉన్నది మాత్రం కాకినాడ పక్కన.) 10 గిగాబిట్ల దారిలో పదమూడు నిమిషాల పని. ఆ మెట్లకింది స్విచ్ మీదుగా అయితే ఇరవై రెండు గంటలు, అదీ కరెంటు పోకపోతే. అవే ఫొటోలు హార్డ్ డిస్కులో పెట్టి మేనల్లుణ్ణి రైలెక్కిస్తే, మర్నాటికి కాకినాడలో దిగి, పెసరట్టు తిని, యానాం ఆటోలో కూర్చుంటాడు. పైగా మేనల్లుడికి పాస్‌వర్డు అక్కర్లేదు.

"లోపలి స్విచ్ సంగతేమిటండీ?" అని పథకంవారిని అడిగితే, "అది మా పద్దు కాదండీ, విశ్వవిద్యాలయంవారిది" అంటారు. విశ్వవిద్యాలయంవారిని అడిగితే, "గ్రాంటు రాలేదండీ" అంటారు. ఇద్దరూ నిజమే చెబుతారు, అదే మన దౌర్భాగ్యం. గేటు బయటి ఫైబరుకైతే మంత్రిగారు వచ్చి రిబ్బను కత్తిరిస్తారు. మెట్లకింద దూరి స్విచ్‌కు రిబ్బను కట్టేదెవరు?

కొత్త పథకం రాసే పెద్దలకు మనవి: గేటు లోపలి కేబుళ్ళకూ, స్విచ్‌లకూ, వాటిని చూసుకునే ఒక నెట్‌వర్క్ ఇంజనీరు జీతానికీ ముందు విడిగా ఒక పద్దు పెట్టండి. ఆ తర్వాత బయట 100 గిగాబిట్లు వేస్తారో, 1,000 వేస్తారో మీ ఇష్టం.