ఆడటానికి వెళ్తున్నాను సార్

2021 అక్టోబరు. రొమేనియా రాజధాని బుకారెస్టులో జాతీయ ఫుట్‌బాల్ స్టేడియం. మైదానంలో కళ్లు చెదిరే వేదిక, లక్షల మంది చూసే కెమెరాలు. గ్యాలరీల్లో మాత్రం నరపురుగు లేదు. కరోనా కేసులు పెరిగాయని, టికెట్లు కొన్నవాళ్లకు డబ్బులు వాపసిచ్చి ఇళ్లకు పంపేశారు. ఆ ఖాళీ కుర్చీల సాక్షిగా జరిగిన పంపకం 4 కోట్ల 18 వేల డాలర్లు. ఆనాటి మారకంలో మన సొమ్ము 300 కోట్ల రూపాయలు. ఆట డోటా 2. పోటీ పేరు ది ఇంటర్నేషనల్.

ఈ సంగతి మా బావగారి చెవిన వేశాను. ఆయన నమ్మలేదు. నమ్మకపోగా, "కంప్యూటర్ గేమ్‌కి 300 కోట్లా? మరి క్రికెట్ ప్రపంచకప్‌కి ఎంతిస్తారోయ్?" అని ఎదురు ప్రశ్న వేశారు. చెప్పాను. 2019 ప్రపంచకప్‌లో అన్ని జట్లకూ కలిపి ఇచ్చింది కోటి డాలర్లు, గెలిచిన ఇంగ్లండ్ పట్టుకెళ్లింది 40 లక్షలు. అదే ఏడాది ఆగస్టులో షాంఘైలో జరిగిన డోటా పోటీకి బహుమతి నిధి 3 కోట్ల 43 లక్షలు. బావగారు కాసేపు మాట్లాడలేదు. నిన్నటిదాకా రాత్రి తొమ్మిదయితే వైఫై రౌటర్ పీకి బీరువాలో పెట్టి తాళం వేసిన మనిషి, లేచి కొడుకు గది దాకా వెళ్లి, "నాన్నా, ఫ్యాను వేసుకుని ఆడుకో, ఉక్కపోస్తోంది" అన్నారు.

బావగారిని ఎందుకు అనాలి? ఆ అంకె చూస్తే ఎవరి మతి అయినా పోతుంది. మతి పోగొట్టడానికే ఆ అంకె.

అంత డబ్బు ఎవరిచ్చారంటే, ఆట తయారుచేసిన వాల్వ్ కంపెనీ ఇచ్చిందని లోకం అనుకుంది. లోకాన్ని ఆ భ్రమలోంచి లేపాలని కంపెనీ కూడా పెద్దగా ఆత్రపడలేదు. తన గల్లాపెట్టె తెరిచి పెట్టింది 16 లక్షల డాలర్లు. మిగిలిందంతా బ్యాటిల్ పాస్ అనే చీటీ పేరుతో అభిమానుల దగ్గర వసూలైంది. ఆటలో తన బొమ్మకు కొత్త కిరీటం, కొత్త రెక్కలు, కత్తి దూస్తే కొత్త రంగు మంట. వీటికోసం ప్రపంచం నలుమూలల నుంచీ కుర్రాళ్లు కార్డులు గీకారు. (అవి పెట్టుకుంటే ఆట బాగా వస్తుందా అని అడక్కండి. రాదు.) గీకిన ప్రతి రూపాయిలో పావలా బహుమతి నిధికి, ముప్పావలా కంపెనీకి. నిధికి 3 కోట్ల 84 లక్షల డాలర్లు చేరాయంటే, కంపెనీకి చేరినవి 11 కోట్ల 50 లక్షల పైమాటే. సొమ్మొకడిది సోకొకడిది అన్న మన పెద్దలకు ఈ రెండింటి మధ్య ముప్పావలా తీసుకునే మూడోవాడు ఉంటాడని తట్టలేదు పాపం.

2023లో కంపెనీవారు ఆ పెద్ద చీటీని మానేసి చిన్న చీటీ అమ్మారు. బహుమతి నిధి 30 లక్షల డాలర్ల చిల్లరకు దిగింది. అదే ఆట, అదే కప్పు, అంతే నిద్రలేని రాత్రులు. విలువ మాత్రం రెండేళ్ల కిందటి దానిలో పన్నెండో వంతు కూడా లేదు. కిరీటాల వ్యాపారం బాగుంటే ఆటగాడు కోటీశ్వరుడు, బాగులేకపోతే లక్షాధికారి. అతని ఆటతో దీనికి సంబంధం లేదు.

పంపకం ఎలా జరిగిందో కూడా చూద్దాం. బుకారెస్టులో 18 జట్లు ఆడాయి. మొదటి జట్టు టీమ్ స్పిరిట్‌కు నిధిలో 45.5 శాతం, అంటే కోటీ 82 లక్షల డాలర్లు. రెండో జట్టు, చైనావాళ్ల పీఎస్‌జీ ఎల్‌జీడీకి 13 శాతం. అడుగున ఉన్న రెండు జట్లకు తలా పావు శాతం. ఫైనల్ అయిదు గేముల దాకా సాగింది. చెరో రెండు గెలిచి అయిదో దానికి కూర్చున్నప్పుడు వాళ్ల మధ్య బల్లమీద ఉన్నది కోటీ 30 లక్షల డాలర్ల తేడా. మన లెక్కలో వంద కోట్లకు కాస్త తక్కువ. ఒక్క గేముకి. ఆ సమయంలో ఏ కుర్రాడికైనా చెయ్యి వణికి మౌస్ తప్పు చోట నొక్కుకుంటే, దాన్ని జీవితాంతం ఏ కథల కింద చెప్పుకోవాలో నాకు తెలియదు.

అయినా అడుగున ఉన్నవాళ్లకు దిగులక్కర్లేదు. వాళ్లు కనీసం అక్కడిదాకా వచ్చారు. అసలు కథ గుమ్మం బయట ఉన్నవాళ్లది.

ఈ పోటీ నిజానికి జరగాల్సింది బుకారెస్టులో కాదు, స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్‌లో. కరోనావల్ల ఒక ఏడాది వాయిదా పడింది, సరే. 2021లో స్వీడన్ క్రీడా సమాఖ్యవాళ్లు సమావేశమై, ఓటేసి, ఈ-స్పోర్ట్స్ (ఇలాంటి కంప్యూటర్ ఆటల పోటీలకు పేరది) మా గూటి పక్షి కాదు పొమ్మన్నారు. పోనీ దీన్ని ఉన్నతస్థాయి క్రీడా పోటీగా గుర్తించండని కంపెనీ ప్రభుత్వాన్ని బతిమాలుకుంది. వాళ్లూ కుదరదన్నారు. క్రీడ కాకపోతే వచ్చేవాడు క్రీడాకారుడు కాడు. క్రీడాకారుడు కాకపోతే యూరోపియన్ యూనియన్ బయటివాడికి వీసా ఎందుకివ్వాలి? దాంతో 300 కోట్ల రూపాయల పోటీ మూటాముల్లె సర్దుకుని రొమేనియా బస్సెక్కింది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటే ఇదే. ఇందులో పూజారికి ఆ గుడిలో ఏ దేవుడున్నాడో కూడా తెలియదు.

అమెరికా ఈ విషయంలో ఉదారంగానే ఉంది. అంతర్జాతీయ క్రీడాకారులకిచ్చే పి-1 వీసాను 2013లో మొట్టమొదటిసారి ఒక లీగ్ ఆఫ్ లెజెండ్స్ ఆటగాడికి ఇచ్చింది. ఆ కుర్రాడు ఏ సముద్రాలు దాటి వచ్చాడో అనుకునేరు. పక్కింటి కెనడావాడు. జర్మనీ మరింత ముందుకెళ్లి 2020 మార్చి నుంచి ఈ-స్పోర్ట్స్ ఆటగాళ్లకంటూ విడిగా ఒక వీసానే పెట్టింది. మిగతా చోట్ల అంతా అధికారి మూడ్‌ని బట్టి.

మన తెలుగువాళ్లకు వీసా గురించి ఒకరు చెప్పాలా? ఆ ఒక్క ముద్ర కోసం చిలుకూరు బాలాజీ చుట్టూ 11 ప్రదక్షిణలు చేసి, ముద్ర పడ్డాక 108 తిరిగి మొక్కు తీర్చుకునే జాతి మనది. ఇంజనీర్లను, డాక్టర్లను, మనవణ్ని చూడబోయే అమ్మమ్మలను గట్టెక్కించిన స్వామి ఆయన. కానీ నానక్‌రామ్‌గూడ కాన్సులేటులో అద్దం ముందు నిలబడిన ఒక డోటా ఆటగాణ్ని ఊహించుకోండి.

"ఏం పని మీద వెళ్తున్నారు?"

"ఆడటానికి వెళ్తున్నాను సార్."

"ఏమాట?"

"కంప్యూటర్లో సార్. మేం అయిదుగురం, వాళ్లు అయిదుగురు. వాళ్ల కోట పగలగొట్టి రావాలి."

"ఎవరి కోట?"

"ఎవరిదైనా సార్. డ్రా ఎవరితో పడితే వాళ్లది."

"ఉద్యోగం?"

"ఇదే సార్."

"జీతం?"

"గెలిస్తే ఉంది సార్."

"వెళ్తే తిరిగొస్తారని నమ్మకమేమిటి?"

"నా పీసీ ఇక్కడే ఉంది సార్. దానిమీద ఇంకా పదకొండు వాయిదాలు కట్టాలి."

ఈ జవాబులన్నీ సత్యమే. సత్యం చెప్పి వీసా తెచ్చుకున్నవాడు మన ఊళ్లో ఎవరైనా ఉంటే చెప్పండి, దండ వేసి వస్తాను.

వెళ్లినవాళ్లు లేరా అంటే ఉన్నారు. కరాచీ కుర్రాడు సుమాయిల్ హసన్ 2015లో సియాటిల్‌లో పదహారేళ్లకే ఈ కప్పు గెలిచాడు. జట్టుకి 66 లక్షల డాలర్లు. నెట్ సెంటర్లో గంటల లెక్కన డబ్బు కట్టడానికి చిన్నప్పుడు సైకిల్ అమ్ముకున్నాడంటారు. ఎంత చక్కటి కథ! పేదరికం, పట్టుదల, విజయం. చెప్పేవాళ్లు మధ్యలో ఒక్క వాక్యం మింగేస్తారు, అంతే. ఆ కుర్రాడి కుటుంబం అప్పటికే అమెరికా వెళ్లి స్థిరపడింది, అతను గెలిచింది అమెరికా జట్టు తరఫున. కరాచీలోనే ఉండిపోయిన సుమాయిల్‌లు ఎంతమందో, వాళ్ల సైకిళ్లు ఏమయ్యాయో ఎవరూ రాయలేదు.

మన దేశం సంగతి ఇంకా సొగసు. డోటా పటంలో దక్షిణాసియా అనే ప్రాంతమే లేదు. ఆగ్నేయాసియాలో కలిపేశారు. పైకి రావాలంటే ఫిలిప్పీన్సు, మలేసియా, ఇండోనేసియా జట్లతో సింగపూరు సర్వర్‌లో తలపడాలి. హైదరాబాద్ కుర్రాడు మౌస్ నొక్కితే, ఆ నొక్కుడు సముద్రం దాటి సింగపూరు వెళ్లి, నమస్కారం పెట్టి, తిరిగి రావాలి. దాన్ని పింగ్ అంటారు. అవతలివాడి పింగ్‌కి మనది ఎన్నోరెట్లు. వాడు కొట్టేశాక మనకు వాడు చెయ్యెత్తడం కనిపిస్తుంది. ఇంట్లోవాళ్లకు ఇది వివరించబోతే, "ఆడలేక మద్దెల ఓడు అన్నాట్ట" అని నవ్వుతారు. ఈ ఒక్క కేసులో మద్దెల నిజంగానే ఓడు.

అయినా 2022లో మన దేశంలో పుట్టిన ఎంటిటీ అనే క్లబ్బు సింగపూరులో జరిగిన అసలు పోటీకి చేరింది. జాతి గర్వించాల్సిన ఘడియ. జట్టులో ఒక్క భారతీయుడూ లేకపోవడం చిన్న లోపం. ఆడినవాళ్లంతా యూరప్ కుర్రాళ్లు. పింగ్ సమస్యకు ఇంతకన్నా మంచి పరిష్కారం ఎవరు చూపగలరు?

ఫోన్ ఆటలవైపు పోదామంటే అక్కడ ఇంకో రకం వాన. 2020 సెప్టెంబరులో పబ్‌జీ నిషేధం. మరుసటి ఏడు బీజీఎంఐ అన్న కొత్త పేరుతో పునర్జన్మ. 2022 జులైలో అదీ మాయం. 2023 మే నెలలో మళ్లీ ప్రత్యక్షం. ఆ మధ్య పది నెలలు ఆ ఆట ఆడి బతికేవాడు ఏం చేశాడు? పాదాలకు గాయమైతే ఫిజియో ఉంటాడు, ఆటకే గాయమైతే? ఈలోగా 2022 డిసెంబరులో కేంద్రం ఈ-స్పోర్ట్స్‌ను క్రీడాశాఖ కిందికి చేర్చింది. 2025 ఆగస్టులో కొత్త చట్టం తెచ్చి, పందెం ఆటలను నిషేధించి, దీన్ని మాత్రం అసలైన క్రీడగా గుర్తించింది. రమ్మీకి, దీనికి తేడా ఉందని పార్లమెంటు ఒప్పుకుంది. ఇక మా బావగారి అపార్ట్‌మెంట్ సంఘం ఒప్పుకోవాలి.

పన్ను లెక్కా చెప్పాలి, లేకపోతే పాపం తగులుతుంది. బయటిదేశంవాడు అమెరికాలో బహుమతి గెలిస్తే, ఒప్పందాల మినహాయింపు లేకుంటే, 30 శాతం అక్కడే పట్టుకుంటారు. ఇక్కడ 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం లాటరీని, గళ్ల నుడికట్టును, గుర్రప్పందేన్ని, పేకాటను ఒకే సెక్షన్‌లో బంతిలో కూర్చోబెట్టి 30 శాతం వడ్డించింది. పేకాట పక్కనే "ఏ రకపు ఆటలైనా" అని ఒక ఖాళీ ఆకు కూడా వేసి ఉంచింది. ఆ ఆకు ముందు డోటావాణ్ని కూర్చోబెట్టాలా వద్దా అన్నది మీ ఆడిటర్ ఓపిక.

ఈ పేచీలన్నీ తీర్చడానికి సౌదీవాళ్లు రంగంలోకి దిగారు. రియాద్‌లో ఈ-స్పోర్ట్స్ ప్రపంచకప్ పెట్టారు. 2024లో 6 కోట్ల డాలర్లు, 2025లో 7 కోట్లు. రెండుసార్లూ క్లబ్బుల విజేత టీమ్ ఫాల్కన్స్. ఆ క్లబ్బు ఏ దేశానిదో ఊహించినవాళ్లకు బహుమతి లేదు, మరీ తేలిక. అందులో ఆడేవాళ్లు సౌదీవాళ్లే అయ్యుండాలన్న నియమమూ లేదు. ప్రపంచంలో ఎవరు బాగా ఆడితే వాళ్లను కొనుక్కోవచ్చు. డబ్బు పెట్టేదీ వాళ్లే, పందిరి వేసేదీ వాళ్లే, కప్పు పుచ్చుకునేదీ వాళ్లే. అతిథులకు వీసా చిక్కులైనా తగ్గించారని నేను మెచ్చుకుంటున్నాను.

అక్కడే మనకో ఊరట దొరికింది. 2025లో రియాద్‌లో చదరంగాన్నీ ఈ-స్పోర్ట్స్‌లో కలిపేశారు. వేదికమీద కంప్యూటర్ల ముందు గ్రాండ్‌మాస్టర్లు కూర్చుని, ఆటకు పది నిమిషాల లెక్కన ఆడారు. కార్ల్‌సన్ గెలిచి రెండున్నర లక్షల డాలర్లు తీసుకున్నాడు. మన ఓరుగల్లు అబ్బాయి అర్జున్ ఎరిగైసి నాలుగో స్థానంలో నిలిచాడు, ఒక కొరియా క్లబ్బు జెర్సీతో. అంటే ఇవాళ ఈ-స్పోర్ట్స్‌లో గట్టిగా వినిపించే తెలుగు పేరు ఒక చదరంగం ఆటగాడిది. వాళ్ల వీధిలో ఎవరూ రౌటర్ పీకి బీరువాలో పెట్టి ఉండరు. చదరంగంలో చేసేదీ డోటాలో చేసేదీ ఒకే పని. కంప్యూటర్ ముందు కూర్చుని, మౌస్‌తో, అవతలివాడి కోట కూల్చడం.

అందుకని మా మేనల్లుణ్ని పిలిచి చెప్పాను. "ఒరేయ్, కాన్సులేటులో డోటా ఊసు ఎత్తకు. ఏమాట అంటే చదరంగం అను. కళ్లకద్దుకుని ముద్ర కొడతారు."

వాడు కాసేపు ఆలోచించాడు.

"బాగానే ఉంది మామయ్యా. ఇంతకీ గుర్రం ఎటు నడుస్తుంది?"