దువ్వాడా, వైజాగా?

హైదరాబాదు నుంచి రైల్లో వచ్చేవాళ్లకి విశాఖపట్నం రెండుసార్లు వస్తుంది. మొదట దువ్వాడ. ఆ తర్వాత అరగంటకో, సిగ్నల్ దొరక్కపోతే గంటకో అసలు స్టేషను. స్టీల్‌ప్లాంటు, గాజువాక వైపు వాళ్లు దువ్వాడలో దిగిపోతారు. ఊళ్లోవాళ్లు ఇంకో కునుకు తీస్తారు. మామూలు ప్రయాణికుడికి ఇందులో ఆలోచించాల్సింది ఏమీ లేదు. కానీ నెల డిసెంబరై, చంకలో రెండేళ్ల పిల్లాడుండి, కూర్మన్నపాలెంలో పెదనాన్న, వైజాగ్ స్టేషను వెనక జ్ఞానాపురంలో అత్తారిల్లు ఉన్నవాడికి ఎక్కడ దిగాలన్నది పెద్ద రాజకీయం.

క్రిస్మస్ చేసుకునే ప్రతి విశాఖ కుటుంబంలోనూ మా పెదనాన్న లాంటి మనిషి ఒకరుంటారు. మీ ఇంట్లో పెదనాన్న కాకపోతే మేనత్త అయ్యుంటుంది. ఈ జాతిని గుర్తుపట్టడం తేలిక. పిల్లాడి బుగ్గ గిల్లకముందే, "ఎక్కడ దిగినార్రా?" అంటారు.

పెదనాన్న స్టీల్‌ప్లాంటు టైం ఆఫీసులో 32 ఏళ్లు చేశారు. ఎవరు ఎప్పుడొచ్చారు, ఎప్పుడెళ్లారు, ఎవరు రాలేదు, ఇదే పని. రిటైరైన రోజున శాలువా కప్పి గోడ గడియారం ఇచ్చారు. గడియారం ఉంది, చెయ్యి ఊరుకోదు, రాసుకోవడానికి మనుషులు కావాలి. చుట్టాలు దొరికారు.

"విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అని 1966లో ఊరేగింపులు తీసినప్పుడు ఆయన హైస్కూలు పిల్లాడు. తర్వాత ఉక్కు వచ్చింది, ఉద్యోగమొచ్చింది, ఉద్యోగం అయిపోయింది. చేతిలో మిగిలింది హక్కొక్కటే. దాన్ని ఇప్పుడు తమ్ముడి మనవణ్ని అందరికంటే ముందు చూడ్డానికి వాడుతున్నారు.

చుట్టాల రాకపోకలన్నీ ఆయన ఒక డైరీలో రాస్తారు. ఆ డైరీని నేను దగ్గర్నుంచి చూశాను. ఏదో పాత సంవత్సరానిది, అట్ట మూలలు అరిగిపోయాయి. స్కేలు పెట్టి ఎర్ర బాల్‌పెన్నుతో గళ్లు గీశారు. పేరు, దిగిన స్టేషను, మొదటి ఇల్లు, వచ్చిన టైము, వెళ్లిన టైము, రిమార్కులు. ఒక వరుస చదివాను: "పెద్ద కోడలి తమ్ముడు. వైజాగ్. మొదటి ఇల్లు మనది కాదు. 5.10 నుంచి 5.35. టీ తాగాడు. కేకు ముట్టలేదు. షుగరన్నాడు. నమ్మను."

పోయినేడాది మేం దువ్వాడలోనే దిగాం. తెల్లారకముందే మంకీ క్యాపు, మఫ్లరుతో ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉన్నారు. విశాఖ చలికి అంత సరంజామా అక్కర్లేదు. ఆయన సంచిలోంచి ఇంకో బుల్లి మంకీ క్యాపు తీసి మావాడికి తొడిగేశారు. ఇంటికెళ్లగానే మా వరుస రాసి, "మొదటి ఇల్లు మనదే" అన్నచోట కింద రెండు గీతలు గీశారు. ఆ పూట మాకు జరిగిన మర్యాద జ్ఞానాపురంలో ఏ అల్లుడికీ జరిగుండదు.

మర్యాద అయ్యాక డ్యూటీ చార్టు వచ్చింది. "ఎ షిఫ్టులో గాజువాక అత్తని, ఎంవీపీ కాలనీ చిన్నాన్నని చూసేద్దాం. బి షిఫ్టులో పెందుర్తి, మధురవాడ. రేత్రికి ఇంటికాడే."

"వాడు ఒంటిగంటకి పడుకుంటాడు, పెదనాన్నా."

"పడుకోనీరా. నిద్దర్లో సూస్తే సూసినట్టు కాదేటి?"

మా ఆవిడ బీచ్‌రోడ్డులోని సబ్‌మెరైన్ మాటెత్తింది. హైదరాబాదులో బండెక్కేటప్పుడు పిల్లాడికి మేమిచ్చిన హామీ అదే. పెదనాన్న ఒక్క క్షణం ఆలోచించారు. "కుర్సురా 31 ఏళ్లు సర్వీసు సేసిందమ్మా, నాకంటే ఒక్క ఏడు తక్కువ. 2002 నుంచీ ఆ ఇసకలో కదలకుండా కూకుంది. అదెక్కడికీ పోదు. మీ పెందుర్తి మామ్మ అలాక్కాదు కదా."

అలా మావాడు ఊరంతా నా భుజమ్మీద నిద్రపోతూ చూశాడు. ఏ ఇంట్లోనైనా జరిగింది ఒకటే. నలుగురు మూగి వాడి ముక్కు ఎవరిదో తేల్చడం, పిడికిట్లో నోటు కుక్కడం, నోటు జారి పడ్డం, పెదనాన్న ఏరి లెక్క రాయడం. పెందుర్తిలో ఒక్కచోటే కళ్లు తెరిచాడు. మామ్మ నోట్లో పళ్లు లేకపోవడం చూసి మళ్లీ మూసుకున్నాడు.

వీటన్నిటి మధ్యా పెద్దమ్మ వంటింట్లోనే ఉంది. క్రిస్మస్‌కి మా ఇళ్లల్లో అరిసెలు, కజ్జికాయలు ఎన్నున్నా గులాబీ పువ్వులు లేకపోతే పండగ కాదు. చూడ్డానికి సులువు, చెయ్యడం కాదు. అచ్చుని ముందు కాగే నూనెలో ఉంచి వేడెక్కించాలి. తర్వాత పిండిలో ముంచాలి, పైఅంచు దాకా కాదు, ముప్పాతికే. అంచు దాటి పిండెక్కిందా, పువ్వు అచ్చుని వదలదు, చాకుతో గీకాల్సిందే. పెదనాన్న అంచు దాటి మునిగిన పువ్వు. పెద్దమ్మ నలభై ఏళ్లుగా గీకుతూనే ఉంది.

మావాడు మొదటి పువ్వుని గాజులా మణికట్టుకి ఎక్కించుకున్నాడు. విరిగింది. ఏడ్చాడు. రెండోది ఇచ్చింది. అదీ విరిగింది. విరిగిన ముక్కలన్నీ లోపలికే పోతున్నాయి. "గుంటడు సిక్కిపోనాడే కోడలా, నీకు కనిపించట్లేదేటి?" అంటూ నాలుగోది ఎక్కించింది. అప్పటికే నేతిలో వేయించిన జీడిపప్పు అయింది, అరటిపండు అయింది. ఇక చాలత్తయ్యా అని మా ఆవిడ అడ్డం రాబోతే, పెదనాన్న కుర్చీ దగ్గరికి లాక్కుని టెక్నికల్‌గా వివరించారు.

"1990లో మా మొదటి బ్లాస్ట్ ఫర్నేసు వెలిగించినారు. గోదావరి అని పేరు. వెలిగించిన కొలిమికి పైనుంచి ఖనిజం, కోకు, సున్నపురాయి వేస్తానే ఉండాల. కింద నుంచి కరిగిన ఇనుము తీస్తానే ఉండాల. పైన సార్జింగు, కింద టేపింగు. ఏదాగినా కొలిమికి మంచిది కాదు."

రాత్రి ఎనిమిదింటికి టేపింగు మొదలైంది. పదకొండు దాకా ఆగలేదు. తెచ్చుకున్న డైపర్లు అయిపోయి నేను కూర్మన్నపాలెం జంక్షన్‌కి పరిగెత్తాను. తిరిగొచ్చేసరికి ఆయన గుమ్మంలో నిలబడి, "ఎన్ని తెచ్చినావు?" అని అడిగి లోపలికెళ్లారు. అదీ రాసుంటారు.

పన్నెండున్నరకి వాడు నిద్రపోయాడు. ఒంటిగంటకి క్యారల్స్ వచ్చాయి.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను. డిసెంబరు రాత్రుళ్లు చర్చి కుర్రాళ్లు గిటారు, డోలకు, గొంతులూ పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతారు. ముందు ప్లాస్టిక్ ముసుగేసుకున్న క్రిస్మస్ తాత ఎగురుతుంటాడు. ఇంటికో పాట పాడి, ప్రార్థన చేసి, టీ తాగి కవరు పట్టుకెళ్తారు. ఆ రాత్రి మా గుమ్మంలో ఒకటైంది, రెండైంది, ఐదు పాటలయ్యాయి. మొదటి పాటకే లేచిన మావాడు క్రిస్మస్ తాత మొహం చూశాక ఎత్తుకున్న రాగం ఐదో పాట అయినా దించలేదు. వెళ్లేటప్పుడు డోలకు కుర్రాడు నొచ్చుకుంటూ చెప్పాడు: "తాతగారే ఫోన్ చేశారండి, మనవడొచ్చాడు, ఐదుకి తక్కువ పాడొద్దని." పొద్దున డైరీ తెరిచి చూశాను. "క్యారల్స్. రాత్రి 1.05 నుంచి 1.40. మనవడు కూడా పాడాడు."

పండగ రోజు ఆరాధన అయ్యాక మధ్యాహ్నం అందరం జ్ఞానాపురం వెళ్లాం. పెదనాన్నా వచ్చారు. మా అత్తారు ఆర్‌సీఎం, మేం ప్రొటెస్టెంట్లం. బిర్యానీ దగ్గర మామగారు తాను చదివిన సెయింట్ అలోషియస్ బడి గురించి, అది 1847లో పెట్టిందని మనవడికి చెప్తున్నారు. రెండేళ్లవాడికి అడ్మిషన్ గురించి అప్పుడే ఎందుకో నాకర్థం కాలేదు. పెదనాన్నకి అర్థమైంది.

"లండన్ మిషన్ వాళ్లు 1805లోనే మన విశాఖపట్నం వచ్చీసినారు బావగారూ. మావోళ్లే ముందు దిగినారు."

మామగారు ఎముక పక్కన పెట్టి, చెయ్యి కడుక్కుని, తాపీగా అన్నారు: "దిగారు. దువ్వాడలో మాత్రం దిగలేదు కదా బావగారూ."

నా ఎరుకలో పెదనాన్న సమాధానం లేకుండా ఉన్నది ఆ ఒక్క రోజే. పాయసం కూడా ముట్టలేదు. షుగరన్నారు.

ఈ ఏడాది మామగారికి మోకాలి ఆపరేషన్ అయింది. అందుకని టికెట్లు వైజాగ్‌కే తీశాం. ఈ సంగతి పెదనాన్నకి చెప్పలేదు. చెప్పకపోయినా వస్తారు. దువ్వాడ వచ్చేముందే దుప్పటి కప్పుకుని పడుకోవాలని మా ఆవిడ ప్లాను. చిక్కల్లా మావాడితో. మూడేళ్లొచ్చాయి, మాటలొచ్చాయి, మంకీ క్యాపు పెట్టుకున్న మనిషి కనిపిస్తే చాలు "తాతా" అని అరుస్తాడు.

24వ తేదీ తెల్లవారుజామున అదే బండిలో మీరూ వస్తుంటే ఒక సాయం చెయ్యండి. దువ్వాడలో మఫ్లరు చుట్టుకుని చంకలో డైరీ పెట్టుకున్న పెద్దాయన బోగీ ఎక్కి, సంటి పిల్లోడితో ఎవరైనా ఉన్నారా అని అడిగితే, లేరని చెప్పండి. వాడి నోరు మేం మూస్తాం.