వేడెక్కని ఇంజన్

కారు ఇంజన్ మరీ వేడెక్కితే యజమాని నడిరోడ్డు మీద బానెట్ ఎత్తి నిలబడతాడు కాబట్టి సంగతి ఊరందరికీ తెలుస్తుంది. అసలు వేడెక్కకపోతే మాత్రం, రోహిణి కార్తెలో కూడా బండి చల్లగా నడుస్తోందని బంధువుల దగ్గర గొప్పలు పోతాడు. ఆ గొప్పల బిల్లు పెట్రోలు బంకులో వస్తుంది.

కూలెంట్‌తో చల్లబడే ఇంజన్ సుమారు 90 డిగ్రీల సెల్సియస్ దగ్గర కుదురుగా పనిచేస్తుంది. అంతకు బాగా తగ్గితే, వద్దన్నా వడ్డించే అత్తగారిలా ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్) పెట్రోలు ఎక్కువగా పోస్తూనే ఉంటుంది. మైలేజీ పడిపోతుంది. కాలని పెట్రోలు, ఆరని తేమ ఇంజన్ ఆయిల్లో చేరతాయి. చలిదేశాల్లో హీటర్ పనిచేయక జబ్బు త్వరగా బయటపడుతుంది. తెలుగు నేల మీద హీటర్‌ను తలుచుకునేవారే అరుదు.

పరీక్ష మీటరు ముల్లును అనుమానించడంతో మొదలుకావాలి. చాలా చిన్న కార్లలో ముల్లే ఉండదు. ఇంజన్ చల్లగా ఉన్నంతసేపు నీలి దీపం వెలుగుతుంది, దాన్ని అలంకారమనుకునేవారూ ఉన్నారు. స్కానర్ తగిలిస్తే వేడి అంకెల్లో తెలుస్తుంది. పీ0128 కోడ్ వచ్చిందంటే, కూలెంట్ రావలసిన వేడికి రాలేదని ఈసీయూ లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేసిందన్నమాట. రాత్రంతా ఆగిన బండిలో స్కానర్ అంకె బయటి గాలి వేడికి దగ్గరగా ఉండాలి. రాజమండ్రిలో మైనస్ 40 చూపిస్తే హిమపాతం కోసం ఎదురుచూడనక్కర్లేదు. సెన్సర్‌నో, దాని వైరునో చూస్తే చాలు.

తర్వాత, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే కూలెంట్ మట్టం చూడాలి. అది తగ్గి సెన్సర్ దగ్గర గాలి చేరితే అంకె తప్పుతుంది. ఏసీ ఆపి ఉన్నా, స్టార్ట్ చేసిన క్షణం నుంచీ రేడియేటర్ ఫ్యాన్ తిరుగుతుంటే రిలే అతుక్కుపోయి ఉండాలి, సెన్సర్ చెడి ఉండాలి, లేదా ఎవరో ఫ్యాన్‌కు డైరెక్ట్ కనెక్షన్ ఇచ్చి ఉండాలి.

ఇవన్నీ సవ్యంగా ఉంటే అసలు ముద్దాయి థర్మోస్టాట్ వాల్వ్. దాని లోపలి మైనం సాధారణంగా 82–88 డిగ్రీల దగ్గర కరిగి వ్యాకోచించి కూలెంట్‌కు రేడియేటర్ దారి తెరుస్తుంది. చాలా కార్లలో, చల్లని ఇంజన్ స్టార్ట్ చేశాక రేడియేటర్ పై హోస్ కొన్ని నిమిషాలు చల్లగానే ఉండి ఒక్కసారిగా వేడెక్కాలి. మొదటి నుంచీ మెల్లగా వెచ్చబడుతుంటే వాల్వ్ తెరుచుకునే ఉండిపోయిందని అర్థం. ట్రాఫిక్‌లో పెరిగిన వేడి హైవే ఎక్కగానే పడిపోవడం మరో సాక్ష్యం.

వాల్వ్ విప్పి నీళ్ల గిన్నెలో థర్మామీటరుతో కలిపి మరిగించాలి. దాని మీద ముద్రించిన అంకె వచ్చేదాకా మూసుకుని ఉండాలి. వంటింటి గిన్నె వాడితే ఇంజన్‌కు రాని వేడి ఇంట్లో పుడుతుంది.

విప్పి చూస్తే వాల్వే లేని సందర్భాలూ ఉన్నాయి. ఎప్పుడో బండి వేడెక్కినప్పుడు, మన ఎండలకు ఇదెందుకని ఎవరో మెకానిక్ పీకేసి ఉంటాడు. పూడుకుపోయిన రేడియేటర్ మాత్రం అలాగే మిగులుతుంది. ముందు దాన్ని బాగుచేసి, కొత్త వాల్వ్, గాస్కెట్ బిగించి, కూలెంట్ నింపి గాలి తీసేయాలి. హైవే మీద కూడా అంకె 90 దగ్గర నిలిస్తే వైద్యం పూర్తయినట్టే.