కుదురులేని బల్ల

గోదావరి యొడ్డు అడవులలో పెరిగిన టేకు నా వీపు. కోరుట్లలో నొక పెరటి వేప నా కాళ్లు. ఈ రెంటిని కూర్చిన వడ్లాయన పనితనమున లోపము లేదు గాని, పెండ్లి ముహూర్తము దగ్గరపడుటచే కాళ్లకు పచ్చికర్ర వాడెను. కర్ర యారునపుడు పొడవున నామమాత్రముగను, అడ్డమున నెక్కువగను క్రుంగునని యెరిగియు నాతడు మిన్నకుండెను. అరణమునకు తొందర యెక్కువ.

అట్లు నవవధువు వెంట సిరిసిల్ల చేరితిని. ఆ యింటి ముందుగదిలో నాలుగు సాంచలు. మరమగ్గములని పుస్తకములలో వ్రాయుదురు గాని యచట నెవరు నట్లనరు. నాడె ఈ కొసనుండి ఆ కొసకు దూకినప్పుడెల్ల నేల యదరెడిది, నేలతో నేనును అదరెడిదానను. ఒకవంక 45 డిగ్రీలు దాటు వేసవులు బెజ్జములలోని నా కాలికొనలను ఎండించి సన్నగిలజేయుచుండ, వేరొకవంక ఆ యదురు వానిని అరుగదీయుచుండ, మూడవయేటికే ఊగసాగితిని. 2017లో బతుకమ్మ చీరల నేత మొదలైన పిదప, రాత్రింబగళ్లు సాంచలాడిన ఆ గిరాకి దినములలో నా యూగు తాండవమే యయ్యెను.

ఊగు బల్లను చూచినవాడు వంగి క్రిందికే చూచును గాని పైకి చూడడు. మొదట అగ్గిపెట్టె యట్ట పెట్టిరి. పిదప విరిగిన కండె ముక్క. కోరుట్లనుండి వచ్చిన పెండ్లికూతురి తల్లి, వెంట తెచ్చుకొన్న బీడీల చాటలోనుండి రెండు తునికాకులు మడిచి నా యెడమకాలి క్రింద దోపెను. పదిదినములలో నవి నలిగి పొడియయ్యెను. మరిది రంపము తెచ్చి పొడవనిపించిన కాలు కోసెను. అంతట రెండవది పొడవయ్యెను. దానిని కోయగా మూడవది. మేకులు కొట్టిన మహానుభావుడొకడు, వాని పేరు చెప్పను, కర్రను బిగింపబోయి చీల్చెను. మూలనున్న ముక్కాలిపీట నవ్వెడిది. దానికేమి? మూడు పాదములు ఎట్టి మిట్టపల్లములందైనను కుదురుకొనును. నాలుగవకాలు గలవారిదే యీ కష్టమంతయు.

ఆ యింటి బిడ్డకు పొలాస వ్యవసాయ కళాశాలలో చోటు దొరకగా, నేనును జగిత్యాలలోని కిరాయిగదికి తరలితిని. పిల్ల యొక వృద్ధుడైన వడ్లాయనను పిలిచెను.

“కాలు జరంత కోస్తె సరిపోదా, కాకా?”

“కోసుకుంట పోతె పీటయితది బిడ్డా. నేల మంచిగనే ఉన్నది, దీని కీళ్లే వదులైనయి.”

ఇరువదియేండ్లకు నా వ్యాధి పేరు వింటిని. నన్ను తలక్రిందుగా నిలిపి, కాళ్లను ఒక్కొక్కటిగా కదల్చి, వదులైన రెంటిని ఊడబెరికెను. పాత బంకపై క్రొత్తబంక పట్టదని ఉలితో కర్ర కనబడువరకు గీకెను. కొనను నడిమికి కోసి, ఆ సందున సన్నని చీల నిలిపి, బంక పూసి బెజ్జములో పెట్టి కొట్టగా, చీల లోలోపల దిగుచు కొనను వెడల్పు చేసి, బిగిసిపోయెను. నులకతాడు కాళ్లచుట్టు కట్టి, నడుమ కర్ర దూర్చి మెలివేసి, రాత్రియంతయు నట్లే యుంచెను. మరునాడు బియ్యపుగింజంత యెక్కువైన కాలిని మాత్రము చిత్రిక పట్టెను.

మొన్న సిరిసిల్లనుండి తల్లి వచ్చెను. సంచి నాపై పెట్టి, అలవాటు చొప్పున కాగితము మడిచి, వంగి నా యెడమకాలి క్రింద దోపబోయెను. కాగితము దూరలేదు. ఇంకొక మడత విప్పి మరల యత్నించెను.