పడినవాడి చెయ్యి

మీతో కాబట్టి చెబుతున్నాను. భిలాయి పవర్ హౌస్ ప్రాంతంలో మన తెలుగువాళ్ల పెళ్లిళ్లకు ఫోటోలు తీస్తుంటాను. నలుగురు మెచ్చుకునేసరికి నా అంత బాగా ఫ్రేము కట్టేవాడు భిలాయి మొత్తమ్మీద లేడనిపించింది. మెచ్చుకుంటే పొంగనివాళ్లెవరు చెప్పండి!

వాటర్లూ యుద్ధానికి 200 ఏళ్లు నిండాయని 2015లో బెల్జియంలో వేషాలు కట్టి మళ్లీ ఆడిన పోరు ఫోటోలు అప్పటికే నా తలకెక్కి ఉన్నాయి. పొగలో తుపాకుల వరస, ఈ మూల నుంచి ఆ మూలకు సాగే కత్తి. అలాంటిది నేనూ తీయాలి. రైళ్లు మారి, బస్సెక్కి పల్నాడులోని కారంపూడిలో దిగాను. కార్తీక అమావాస్య మొదలు అయిదు రోజులు అక్కడ పల్నాటి వీరుల ఉత్సవాలు: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు. పన్నెండో శతాబ్దంలో సవతి అన్నదమ్ములు కొట్టుకు చచ్చిన నేల అది.

మొదట్లో పని బాగానే సాగింది. గొంతుకూర్చుని తీస్తే వెనక జనం తలలు తప్పుకొని వీరుల ఆయుధాలైన కొణతాల వెనక ఆకాశం ఒక్కటే మిగిలేది. ఊరేగింపు మలుపు తిరిగే చోట ముందే కాచుకుంటే వరసంతా వంపుగా ఫ్రేములోకి వచ్చేది. మందపోరు నాడు పల్నాటి వీరుడు బ్రహ్మనాయుడి పేరిట చాపకూడు భోజనం. కులం అడక్కుండా అందరూ ఒకే బంతిలో కూర్చున్నారు. నన్నూ రెండుసార్లు పిలిచారు. విస్తళ్ల వరస చెదురుతుందని నేను కూర్చోలేదు. ఆకలి మాత్రం దంచేస్తోంది.

ఇక కళ్లిపాడు. వీరాచారం పట్టినవాళ్లు ఆయుధాలతో నేలకొరిగారు. నా ముందే ఒక పెద్దాయన, పక్కన ఆయన కొణతం. ఆయన చెయ్యి అడ్డొచ్చి కొణతం గీత తెగుతోంది. వంగాను, జరిగాను, ఇంకొంచెం జరిగాను, ఎవరి కాలో తొక్కాను, చివరికి నోరు జారాను: "తాతా, ఆ చెయ్యి కాస్త ఇటు పెట్టవా?"

ఆయన కళ్లు తెరవలేదు. పక్కనున్న ఒకామె నా భుజం మీద చెయ్యేసి మెల్లగా అంది: "పడినోడు కదలడు నాయనా."

వాటర్లూలో పడ్డవాళ్లు లేచి ఒళ్లు దులుపుకుంటారు, అడిగితే మళ్లీ పడతారు కూడా. ఇక్కడిది వేషం కాదు, వీరులకు చేస్తున్న పూజ. నాలుగు రోజులు అక్కడే తిరిగీ ఆ ముక్క నా బుర్రకెక్కలేదు.

ఇంటికొచ్చి ఫోటోలన్నీ తిరగేశాను. కొణతం నిండుగా ఉంది, గీత తిన్నగా ఉంది. పెద్దాయన మణికట్టు దగ్గర తెగిపోయారు. ముఖం ఒక్కదాంట్లోనూ లేదు.